ఏటా బాగుపడిన అమ్మాయి కోసం

ప్రాక్టికల్ పరీక్షల రోజు ఉదయం పదకొండు గంటలకు, విజయవాడలోని ఒక ప్రైవేటు బీఎడ్ కాలేజీ స్టాఫ్‌రూమ్‌లో, సైకాలజీ చెప్పే మేడం పెన్నుకు మూత పెట్టేశారు. ఎదురుగా బల్ల మీద అరవై దాకా రికార్డులు ఉన్నాయి. ఒక్కోదాని మీద ఆవిడ సంతకం పడితే, బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ దాని పక్కన రెండో సంతకం పెడతారు, మార్కులు పడతాయి, అందరూ భోజనానికి లేస్తారు. ఏటా జరిగేది అదే. ఆ రోజు ఆవిడ ఒక్కదాని మీద కూడా సంతకం పెట్టలేదు.

"ఈ అమ్మాయిని చూసొచ్చాక పెడతాను" అన్నారు.

"ఏ అమ్మాయండీ?" అని అడిగారు ప్రిన్సిపాల్.

"వీళ్లందరూ చూశామని రాసిన అమ్మాయి."

ప్రిన్సిపాల్ నవ్వబోయి, ఆవిడ ముఖం చూసి మానుకున్నారు. తలుపు దగ్గర గుమిగూడిన విద్యార్థుల్లోంచి ఒకామె ముందుకొచ్చింది. పెళ్లయి ఇద్దరు పిల్లలున్న మనిషి. "మేడం, ఇన్నేళ్లూ మీరే పెట్టారు కదండీ సంతకాలు. మా బ్యాచ్ ఏం పాపం చేసింది?" అంది.

"మంచి ప్రశ్నమ్మా" అని, మేడం బ్యాగు భుజాన వేసుకుని బయటికి నడిచారు.

అప్పుడు నేను అక్కడ లేను. ముగ్గురు విడివిడిగా చెప్పారు, ముగ్గురి మాటలూ కలిశాయి కాబట్టి రాస్తున్నాను. ఆవిడ పోయి నెల దాటింది. నేను ఇదివరకు పనిచేసిన పత్రికలోనే నాలుగు లైన్లు వచ్చాయి, 'విశ్రాంత అధ్యాపకురాలి మృతి' అని. ఆవిడ విశ్రాంత అధ్యాపకురాలు కాదు. ఆ రోజు తర్వాత రెండు వారాలకు కాలేజీ వాళ్లే రావద్దన్నారు. అసలు విశ్రాంతి అనే మాటకీ ఆవిడకీ ఏనాడూ పొత్తు లేదు. ఆ హెడ్డింగు చదివిన దగ్గర్నుంచి నాకు కుదురు లేదు.

మా పరిచయం పేజీల మీద మొదలైంది. నేను డెస్కులో చదువుల పేజీ చూసేవాణ్ని. టీచర్ ఉద్యోగాల పరీక్షలకు తయారయ్యే వాళ్ల కోసం వారానికోసారి విద్యా మనోవిజ్ఞానం మీద పది ప్రశ్నలు వేసేవాళ్లం, ఒక్కోదానికి నాలుగు జవాబులు, కింద తలకిందులుగా కీ. ఆ ప్రశ్నలు రాసింది ఆవిడే. నేను సబ్ ఎడిటర్నని మొదట్లో రెండుసార్లు చెప్పాను. అయినా చివరి దాకా 'ఎడిటర్ గారూ' అనే పిలిచారు.

వారం వారం సాయంత్రం అయిదింటికి ఫోను.

"ఎడిటర్ గారూ, ఏడో ప్రశ్న మార్చాలండీ."

"పేజీ ప్రింటింగుకు వెళ్లిపోయింది మేడం."

"వెళ్లిపోతే వెనక్కి పిలవండి."

"పేజీ ఏమైనా కుక్కపిల్లా మేడం, పిలిస్తే తోకాడించుకుంటూ రావడానికి?"

"గంట కొట్టి చూడండి, వస్తుందేమో. గంట వింటే నోరూరే కుక్కల ప్రయోగం మా సబ్జెక్టే కదా."

మార్చాలనుకున్నది తప్పయినందుకు కాదు. మరీ సులువుగా ఒప్పయిపోయిందని. "బట్టీ పట్టిన వాడికీ, అర్థమైన వాడికీ ఒకే మార్కొస్తే ఆ ప్రశ్న ఎందుకండీ?" అనేవారు. కొన్నిసార్లు నాలుగు జవాబుల్లో రెండు సరైనవిలా ఉండేవి. పాఠకులు ఫోన్లు చేసి నన్ను తిట్టేవాళ్లు. ఆ సంగతి చెబితే ఆవిడ చాలా సంతోషించేవారు. "తిట్టారా! అంటే ఆలోచించారన్నమాట."

వన్‌టౌన్‌లో పుట్టి పెరిగిన మనిషి. తండ్రికి అక్కడే కుట్టుపని దుకాణం ఉండేది. కొలత తీసుకునేటప్పుడు మనిషి ఊపిరి బిగబడతాడనీ, ఏదో ఒక మాట మాట్లాడించి అప్పుడు టేపు వేయాలనీ నాన్న దగ్గర నేర్చుకున్నానని చెప్పేవారు. సైకాలజీ అంతా అందులోనే ఉందట. పొట్టిగా, సన్నగా ఉండేవారు. చీర కొంగు ఎప్పుడూ నడుముకు దోపి ఉండేది, ఎక్కడికో బయల్దేరుతున్నట్టు. కుర్చీ చూపిస్తే దాని వీపు పట్టుకుని నిలబడేవారు తప్ప కూర్చునేవారు కాదు. మా ఆఫీసుకు వస్తే డెస్కుల మధ్య నడుస్తూ మాట్లాడేవారు. మా చీఫ్ సబ్ ఒకసారి, "మేడం, మీరు అలా తిరుగుతుంటే మాకు ఫ్యాను అక్కర్లేదు" అన్నాడు. ఆవిడ మరో చుట్టు తిరిగి, "కరెంటు బిల్లు కూడా రాదు" అన్నారు.

ఆవిడకు ఒక లెక్క ఉండేది. ఎవరు కనబడితే వాళ్ల ముందు పెట్టేవారు. ముప్ఫై రెండులోంచి పదిహేడు తీసేయమంటే ఒక పిల్లాడు ఇరవై అయిదు అని రాశాడు. ఎందుకు రాశాడు?

"లెక్కలు రాక" అంటారు అందరూ. నేనూ అలాగే అన్నాను.

"రాకపోతే ఏదో ఒకటి రాస్తాడు కదా. ఇరవై అయిదే ఎందుకు?" అని వదిలేసేవారు. జవాబు చెప్పేవారు కాదు. తప్పు చెప్పిన పిల్ల దగ్గర తప్పొక్కటే ఉండదనీ, ఏదో ఒక పని సరిగ్గా చేయబట్టే ఆ తప్పు వచ్చి ఉంటుందనీ, అదేంటో కనిపెట్టేవాడే మాస్టారనీ ఆవిడ నమ్మకం. ఇదే మాట పదకొండేళ్లు ఆ కాలేజీలో చెప్పారు. విద్యార్థులు రాసుకున్నారు, పరీక్షలో రాశారు, పాసయ్యారు.

ఇక రికార్డుల సంగతి. బీఎడ్ చదివేవాళ్లు కొన్ని వారాలు ఏదో ఒక బడికి వెళ్లి పాఠాలు చెప్పాలి. చదువులో ఇబ్బంది పడే ఒక పిల్లనో పిల్లాణ్నో ఎంచుకుని దగ్గరగా గమనించి, ఇంటి పరిస్థితి, ప్రవర్తన, తాము చేసిన ప్రయత్నం, దాని ఫలితం రాయాలి. దాన్నే కేస్ స్టడీ అంటారు. రాయాల్సింది అలా, జరిగేది ఇంకోలా. సీనియర్ రికార్డు జూనియర్‌కు వస్తుంది. జూనియర్ తన పేరు, తాను వెళ్లిన బడి పేరు మార్చి మిగతాది దించేస్తాడు. ఓపిక లేనివాళ్ల కోసం కాలేజీ ఎదురుగా జిరాక్సు షాపులో రాసి పెట్టేవాళ్లు కూడా ఉంటారు. ఇది అందరికీ తెలుసు. మేడంకు కూడా తెలుసు. కాకపోతే ఒకరిద్దరు దించుతారులే అనుకున్నారట.

ఆ రోజు ఎగ్జామినర్ కారు బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. కరెంటు పోయింది. నడవడానికి గదిలో చోటు లేదు, బల్లలన్నీ రికార్డులే. ఆవిడ కూర్చున్నారు. చేతికందిన రికార్డు తెరిచి కేస్ స్టడీ చదివారు. తర్వాత రెండోది. మూడోది. పదో రికార్డుకు వచ్చేసరికి బీరువా తెరిపించి పాతవి కూడా తీయించారు. తొమ్మిదేళ్లుగా అందరూ ఒకే అమ్మాయిని గమనిస్తున్నారు. పేరు పద్మ. ఆరో తరగతి, పదకొండేళ్లు, చేనేత కుటుంబం. ఎవరితోనూ మాట్లాడదు, చదువులో వెనుకబడింది. ఆరు వారాల పాటు మెచ్చుకోవడం, చిన్న బాధ్యతలు అప్పగించడం, ముందు బెంచీలో కూర్చోబెట్టడం చేశాక నోరు విప్పింది, జవాబులు చెప్పడం మొదలుపెట్టింది. చివరి పేజీలో 'ఆశాజనకమైన మార్పు'. ఆ మార్పు వచ్చిన మరుసటి ఏడాది పద్మ మళ్లీ ఆరో తరగతిలోనే, మళ్లీ పదకొండేళ్లతోనే, మళ్లీ మూగగా కూర్చునేది. మళ్లీ ఆరు వారాల్లో బాగుపడేది.

ఇంతవరకైతే నవ్వుకోవచ్చు. మేడం మధ్య పేజీ దగ్గర ఆగారు. ఆ పేజీని తర్వాత నాకూ చూపించారు. అందులో ఇలా ఉంది. 'పేరు పెట్టి పిలిస్తే వెంటనే పలకదు. ఉపాధ్యాయుడు బోర్డు వైపు తిరిగి చెప్పేటప్పుడు రాయదు, తరగతి వైపు తిరిగితే రాస్తుంది. మాట్లాడేవారి ముఖంలోకే చూస్తుంది. డిక్టేషన్‌లో తప్పులు ఎక్కువ, బోర్డు చూసి రాసేటప్పుడు తప్పులు లేవు. పక్క అమ్మాయి లేచాక తాను లేస్తుంది.' దాని కింద నిర్ధారణ: 'ఏకాగ్రత, ప్రేరణ లోపించిన మందకొడి బాలిక.'

ఆ మధ్యాహ్నమే నాకు ఫోను వచ్చింది. వెనక ఆటోల హారన్లు. రోడ్డు మీద నడుస్తూ మాట్లాడుతున్నారు.

"ఎడిటర్ గారూ, ఆ పిల్ల మొద్దు కాదండీ. ఆ పిల్లకి వినపడదు."

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మొదటి నుంచి చెప్పమన్నాను. చెప్పారు. చివర, "తొమ్మిదేళ్లు నా సంతకం కిందే ఉందండీ జబ్బు ఆనవాలు. ఎవరూ చదవలేదు. నేనూ చదవలేదు. ఇది పేపర్లో వెయ్యండి, ఎక్కడున్నా ఎవరైనా పోల్చుకుంటారు" అన్నారు.

రాశాను. మా అలవాటు ప్రకారం ముందు గొడవ, తర్వాత వివరాలు. సంతకాలకు నిరాకరణ పైన వచ్చింది, కాపీల వ్యవహారం మధ్యలో, అమ్మాయి చెవుల సంగతి చివరి పేరాలో. ఆ సాయంత్రం ఆ పేజీకి ప్రకటన పెరిగింది. వార్తను కింది నుంచి కోయడం మా పద్ధతి. కోసింది నేనే. పొద్దున్న పేపర్లో మిగిలింది బీఎడ్ రికార్డుల్లో కాపీ అనే వార్త ఒక్కటే. కాలేజీ పరువు పోయిందన్నారు. వేరే లెక్చరర్‌తో అదే వారంలో సంతకాలు పెట్టించారు. విద్యార్థులందరూ పాసయ్యారు. మేడంను రావద్దన్నారు. అమ్మాయి గురించి ఒక్క ఫోను కూడా రాలేదు. వచ్చే దారి నేనే మూసేశాను.

ఆవిడ నన్నేమీ అనలేదు. "మీరు రాసింది ఎక్కడ తప్పిందో కనిపెట్టారా?" అన్నారు, అంతే. ఆ మర్నాటి నుంచి ఆవిడ వెతుకులాటలో నేను కూడా ఉన్నాను.

పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులు బ్యాచ్‌కొకటి ఉన్నాయి. అన్నింట్లోనూ ఒకే మెసేజి పెట్టారు. 'పద్మ కేస్ స్టడీ ఎవరి రికార్డులోంచి దించారో చెప్పండి. శిక్ష లేదు.' గ్రూపుల్లో అందరూ నవ్వు బొమ్మలు పెట్టారు. ఒక్కరూ జవాబు చెప్పలేదు. విడిగా మాత్రం పొద్దుపోయేదాకా వస్తూనే ఉన్నాయి జవాబులు. "మేడం, నాది ఫలానా అక్క ఇచ్చిందండీ", "నాది మా రూమ్మేట్‌దండీ, నా పేరు చెప్పకండి." పాత క్యాలెండరు కాగితాల వెనక ఆ పేర్లు రాసి గీతలు కలుపుతూ పోయారు. మూడు నెలలకు ఆ గీతలన్నీ ఒక మనిషి దగ్గరికి చేరాయి. చల్లపల్లి దగ్గర ఒక ప్రభుత్వ పాఠశాలలో మాస్టారు.

ఇద్దరం బస్సులో బయల్దేరాం. సగం సీట్లు ఖాళీ. ఆవిడ కమ్మీ పట్టుకుని నిలబడ్డారు.

"కూర్చోండమ్మా, సీట్లున్నాయిగా" అన్నాడు కండక్టరు.

"కూర్చుంటే నిద్రొస్తుంది బాబూ."

"వస్తే పడుకోండి. చల్లపల్లిలో నేను లేపుతాగా."

"సరేగానీ, ముప్ఫై రెండులోంచి పదిహేడు తీసేస్తే ఇరవై అయిదు అన్నాడొక పిల్లాడు. ఎందుకన్నాడు?"

"సరిగ్గా నాలుగు పీకితే పదిహేనంటాడు" అని కండక్టరు ముందుకెళ్లిపోయాడు. ఉయ్యూరులో బస్సు నిండింది. పామర్రు దగ్గర పడుతుండగా, ముందు నుంచి జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "అమ్మా! ఏడులోంచి రెండు తీశాడమ్మా వాడు! రెండులోంచి ఏడు పోదు కదా, అందుకని తిరగేశాడు. పెద్దదాంట్లోంచి చిన్నది తియ్యాలని వాళ్ల సారే చెప్పుంటాడు."

మేడం ముఖం వెలిగిపోయింది. "మరి నాలుగు పీకాల్సింది ఎవర్ని?"

"ఆ సార్నే" అన్నాడు కండక్టరు. బస్సంతా నవ్వింది. నాకు తెలిసినంతలో ఆ లెక్కకు జవాబు చెప్పినవాడు అతనొక్కడే. పామర్రులో టీ కూడా ఇప్పించాడు.

కూచిపూడి మీదుగా చల్లపల్లి చేరేసరికి బడి వదిలే వేళయింది. మాస్టారు వరండాలో ఎదురుచూస్తున్నాడు. ముప్ఫై అయిదేళ్లుంటాయేమో. మేడంను చూడగానే పాదాలకు దండం పెట్టబోతే ఆవిడ పక్కకు జరిగారు. కొబ్బరి బోండాలు కొట్టించి తెచ్చిపెట్టాడు. కాసేపు ఇంట్లోవాళ్ల గురించి మాట్లాడుకున్నారు. తర్వాత మేడం అడిగారు.

"ఆ పద్మ ఇల్లెక్కడ?"

"మంగళగిరండీ. అక్కడి బడిలోనే నా టీచింగ్ ప్రాక్టీసు. కానీ ఆ పిల్ల పేరు పద్మ కాదండీ."

"మరి?"

"మీరే చెప్పారు కదండీ, కేస్ స్టడీలో పిల్లల అసలు పేరు రాయకూడదని. గోప్యత అని బోర్డు మీద రాసి కింద రెండు గీతలు కూడా గీశారు. అందుకని మార్చా."

"అసలు పేరేంటి?"

అతను వరండా చూరు వైపు చూశాడు. "మీరొస్తున్నారని తెలిసిన దగ్గర్నుంచీ వారంగా ఆలోచిస్తున్నానండీ. రావట్లేదు. మనిషి కళ్ల ముందు కనిపిస్తోంది. నా నోటికేసి చూస్తుండేది."

మేడం బోండాం కింద పెట్టి లేచారు. అటూ ఇటూ నాలుగడుగులు వేశారు. "ఆరు వారాలకు మాట్లాడిందని రాశావు."

"నాలుగో వారంలోనే వచ్చేశానండీ, నాన్నకు బాగోలేక. చివరి పేజీ ఇంటి దగ్గర రాశా. ఫలితం లేని కేస్ స్టడీకి మార్కులుండవన్నారు కదండీ మీరు."

"అన్నానా?"

"అన్నారండీ."

"నేనెన్ని వేశాను?"

"ఇరవైకి పంతొమ్మిదండీ."

అతను ఖాళీ బోండాలు ఒక పక్కకు నెట్టాడు. "మేడం, నేనొక్కణ్నే నిజంగా ఆ పిల్ల పక్కన కూర్చుని చూసి రాశా. తర్వాత రాసినోళ్లెవరూ ఆ వీధి కూడా తొక్కలేదు. వాళ్లనెవరూ అడగట్లేదు, నన్నడుగుతున్నారు."

"చూశావు కాబట్టే అడుగుతున్నానయ్యా" అన్నారు మేడం. మందలింపు కాదు. ఆ మాట అతని భుజం మీద చెయ్యి వేసి అన్నారు.

తిరుగు బస్సులో ఆవిడ కూర్చున్నారు. కిటికీ పక్కన, కళ్లు తెరుచుకునే. పామర్రు దాటాక, "ఆ అబ్బాయి కూడా ఏడులోంచి రెండే తీశాడండీ" అన్నారు. "నేను చెప్పిన రూలు తు.చ. తప్పకుండా పాటించాడు. పేరు మార్చమన్నాను, మార్చాడు. ఫలితం రాయమన్నాను, రాశాడు."

"పేరు మార్చమనడం తప్పు కాదు కదండీ" అన్నాను.

"కాదు. రేపు మళ్లీ క్లాసు చెప్పినా అదే చెబుతాను. అదే నాకు నిద్ర పట్టనివ్వట్లేదు."

ఆ తర్వాత ఆవిడ ఆదివారాలన్నీ మంగళగిరికే. మిగతా రోజులు ఉదయం కోచింగ్ సెంటర్లో క్లాసులు. బడి హెడ్‌మాస్టర్ పాత అడ్మిషన్ రిజిస్టరు ఇవ్వనన్నారు. ఇవ్వకపోవడమే సరైనదని మేడం ఆయన్ని మెచ్చుకున్నారు. మెచ్చుకుని కదలకుండా అక్కడే నిలబడ్డారు. మూడో ఆదివారానికి ఆయనే మెత్తబడి, ఆ ఏడాది ఆరో తరగతిలో ఉన్న చేనేత ఇళ్ల ఆడపిల్లల పేర్లు చదివారు. ఆవిడ రాసుకున్నారు. ఇరవై ఆరు పేర్లు. ఒక నకలు నాకిచ్చారు.

"దొరికితే ఏం చేస్తారు మేడం?" అని అడిగాను. ఇప్పుడా అమ్మాయికి ఇరవై పైనే ఉంటాయి.

"చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను. దానికంటే ముందు ఒక మాట చెప్పాలి."

"సారీ అనా?"

"నా సారీ ఆ పిల్లకెందుకండీ! నువ్వు మొద్దువి కాదమ్మా అని చెప్పాలి. ఆ మాట ఆ అమ్మాయికి ఇంతవరకు ఎవరూ చెప్పి ఉండరు."

ఇల్లిల్లూ అడగడం అనుకున్నంత తేలిక కాదు. మీ అమ్మాయికి వినబడదా అని ఎవరిని అడగగలం? పెళ్లిళ్లు కావాల్సిన వాళ్లు కొందరు, అయిపోయిన వాళ్లు కొందరు. ఆవిడ బడిలో చదువు ఎలా ఉండేదని మొదలుపెట్టి, మెల్లగా దారిలోకి తెచ్చేవారు. చాలాచోట్ల అమ్మాయిలే ఎదురొచ్చి గలగలా మాట్లాడేవారు. ఆవిడ నవ్వుతూ ఆ పేరు కొట్టేసి, మళ్లీ నడిచేవారు. వెనకబడ్డ నన్ను చూసి, "రండి ఎడిటర్ గారూ, డెడ్‌లైను" అనేవారు.

ఒక ఇల్లు మాత్రం నన్ను ఇప్పటికీ వదల్లేదు. ముందు గదిలో రెండు మగ్గాలు ఆడుతున్నాయి. లోపలికి అడుగు పెడితే ఆ టకటకల్లో మన మాట మనకే వినబడదు. తల్లి గుమ్మం దగ్గర కూర్చుని రాట్నం మీద నూలు కండెలు చుడుతోంది. లోపల మగ్గం మీదున్న మనిషికి ఏదో కావాలంటే, ఈవిడ తలెత్తి చూసి, వేళ్లతో సైగ చేసి, అందించేది. నోరు విప్పిన వాళ్లు లేరు.

మేడం ఆ వేళ్లకేసే చూస్తున్నారు.

"మీ అమ్మాయి బడిలో పెద్దగా మాట్లాడేది కాదటగా అమ్మా?" అన్నారు.

"మగ్గాలింట్లో పుట్టిన పిల్ల మాటలేం నేర్చుద్దండీ? ఈ మోతలో ఎవురు మాట్టాడతారు? అన్నీ సైగలేగా మాకు" అంది తల్లి నవ్వుతూ.

"పిలిస్తే పలికేదా?"

రాట్నం ఆగింది. "మీరెవరన్నారు?"

"టీచర్నమ్మా. టీచర్లకి పాఠాలు చెబుతాను."

"మా పిల్లకేం తక్కువండీ? నిక్షేపంలా ఉంది. రేపల్లెలో ఇచ్చాం, కాపరం చేసుకుంటోంది. రోజూ నాతో ఫోన్లో మాట్టాడుద్ది."

"మామూలు ఫోనా, వీడియోనా?"

తల్లి జవాబు చెప్పడానికి కొంచెం సేపు పట్టింది. నేను గమనించాను. మేడం కూడా గమనించారు.

"వీడియోనే. ఇప్పుడందరూ వీడియోలేగా" అంది. తర్వాత గొంతు తగ్గించింది. ఆ మోతలో ఆ మాటలు ఆమె పెదాల మీదే చదువుకోవాల్సి వచ్చింది. "అమ్మా, మీరు మంచోరిలానే ఉన్నారు. అత్తగారింట్లో ఇయ్యన్నీ లేనిపోని మాటలవుతాయి. ఇంక ఎల్లిరండి."

మేడం వెళ్లలేదు. ఇంకో ప్రశ్న అడుగుతారనుకున్నాను. ఆవిడ ప్రశ్న మానడం నేనెప్పుడూ చూడలేదు. రెండు నిమిషాలు అలాగే నిలబడి, "అమ్మాయితో ఒక్క మాట చెప్పమ్మా. చిన్నప్పుడు మొద్దు అని ఎవరైనా అని ఉంటే అది తప్పని ఒక టీచరు చెప్పిందని" అన్నారు.

తల్లి తల ఊపిందో, రాట్నం తిప్పబోతూ తల కదిలిందో నాకు తెలియలేదు.

వీధి చివర ఆటోల దగ్గర ఆవిడ కాగితం తీశారు, పెన్ను తీశారు. చాలాసేపు ఆ పేరు మీద పెన్ను ఆనించి ఉంచారు. నేను తొందరపెట్టాను, "వినబడదనే రాసుకోండి మేడం. తెలిసిపోతూనే ఉందిగా."

"ఆ మోతలో వీడియోలే సుఖమండీ, వినబడేవాళ్లకైనా. చూడకుండా రాస్తే నాకూ వాళ్లకూ తేడా ఏంటి?" అని కాగితం మడిచేశారు. రేపల్లె వెళ్దామా అని నేనడిగాను. వెళ్తే కాపురం ఏమవుతుందో, వెళ్లకపోతే ఆ చెవులు ఏమవుతాయో, రెండూ ఆలోచించాలన్నారు. ఆ తర్వాత చాలా ఆదివారాలు ఆ రెండూ ఆలోచిస్తూనే మిగతా ఇళ్లు తిరిగారు. పోయిన నెలలో ఒక ఉదయం, కోచింగ్ సెంటర్‌కు బయల్దేరబోతూ వన్‌టౌన్‌లో అన్నగారి ఇంటి మెట్ల మీద కూలబడ్డారట. ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

ఆవిడ అన్నగారు ఆ కాగితం నాకు పంపించారు. ఇరవై ఆరు పేర్లలో ఇరవై ఒకటి కొట్టేసి ఉన్నాయి. నలుగురి ఇళ్లు ఇంకా చూడలేదు, అందులో ఒక కుటుంబం ఊరు మారిందంటున్నారు. కండెలు చుట్టే ఆమె కూతురి పేరు కొట్టేయలేదు, దాని పక్కన ఏ గుర్తూ లేదు. నేను రేపల్లె వెళ్లలేదు. ఆ అమ్మాయికి వినబడుతుందో లేదో నాకు తెలియదు, తల్లి ఆ మాట చెప్పిందో లేదో కూడా తెలియదు.